మనకు నచ్చిన మాటనే ముందుగా పరీక్షించాలి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామమున శుభములు. మీ సంఘంలో యౌవనస్థుల బైబిలు అధ్యయనం నడిపించే బాధ్యత నీకు అప్పగించారని, అప్పటి నుంచి “నేను నమ్మేది సత్యం కాబట్టి నమ్ముతున్నానా, లేక ఇంట్లోనూ సంఘంలోనూ నేర్పారు కాబట్టి నమ్ముతున్నానా” అన్న ప్రశ్న నిన్ను వదలడం లేదని రాశావు. ఆ ప్రశ్నకు భయపడకు. బెరయలోని వారు సాక్షాత్తు పౌలు చెప్పిన సంగతులను సైతం ప్రతిదినమూ లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చదువుతాం. అపొస్తలుడి మాటను పరీక్షించినందుకు లూకా వారిని తప్పుపట్టలేదు సరికదా, ఘనులని మెచ్చుకున్నాడు.

ఇన్నేళ్లు సంఘంలో బోధిస్తూ, వింటూ వచ్చిన మీదట నేను గట్టిగా చెప్పగలిగిన సలహా ఇది. మనకు నచ్చని మాటను పరీక్షించమని ఎవరూ మనకు చెప్పనక్కరలేదు, ఆ పని మనసు తనంతట తానే చేస్తుంది. మనకు నచ్చిన మాటను, ముఖ్యంగా మన విశ్వాసానికి బలం చేకూరుస్తుందని తోచే మాటను పరీక్షించడమే పట్టుబట్టి నేర్చుకోవలసిన పని.

యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయిన దినాన్ని నాసా శాస్త్రజ్ఞులు కంప్యూటర్లతో లెక్కగట్టి కనుగొన్నారన్న కథను నువ్వూ విని ఉంటావు. అది అమెరికాలో పుట్టి దేశదేశాల ప్రసంగాలలోకి పాకిన కథ, అందులో నిజం లేదు. అలాగే చార్లెస్ డార్విన్ మరణశయ్య మీద తన సిద్ధాంతాన్ని విడిచి క్రీస్తును ఆశ్రయించాడన్న కథ, ఆయన 1882లో చనిపోయిన ఎన్నో ఏళ్లకు, 1915లో ఒక అమెరికన్ బాప్టిస్టు పత్రికలో వెలువడింది. తండ్రి చివరి ఘడియల్లో పక్కనే ఉన్న కుమార్తె హెన్రియెటా ఆ కథ నిజం కాదని 1922లో బహిరంగంగా రాసింది. అయినా అది నేటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. పంపేవారు అబద్ధికులు కారు, భక్తిగలవారే. ఆ మాట తమ పక్షాన ఉంది కాబట్టి ఆధారం అడగాలన్న ఆలోచనే వారికి రాలేదు. అదే, 325లో సంఘాల బిషప్పులు కూడిన నికయ సభలో ఓట్లు వేసి బైబిలు పుస్తకాలను ఎంపిక చేశారని ఎవరైనా అంటే, ఆధారం చూపమని మనం వెంటనే నిలదీస్తాం. నిలదీయడం న్యాయమే, ఎందుకంటే ఆ మాటా నిజం కాదు. ఆ సభలో ప్రధానంగా చర్చకు వచ్చింది కుమారుడు తండ్రితో సమానుడు కాడని, సృష్టించబడినవాడని అరియస్ అనే సంఘ పెద్ద చేసిన బోధ. అయితే అవతలివారిని అడిగినంత గట్టిగా మనవారినీ అడగాలి. దేవుని పక్షాన మోసపు మాటలు పలుకుతారా అని యోబు తన స్నేహితులను అడిగిన ప్రశ్న మన కోసం కూడా రాయబడింది.

మన ప్రాంతపు చరిత్రనే తీసుకో. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాలలో ఇది కేవలం ఆత్మ కుమ్మరింపుగా వినిపిస్తుంది, కరువు ఊసే ఉండదు. విమర్శకుల నోట ఇది కేవలం తిండి కోసం జరిగిన మతమార్పిడి. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని ఘోరమైన కరువు పీడించిందన్నది నిజం, మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడన్నదీ నిజం. మనం దీన్ని దాచకూడదు. సహాయం కోసమే వచ్చేవారు సంఘంలో చేరకూడదని సహాయ కార్యక్రమం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశాడన్నది కూడా అంతే నిజం, దీన్ని విమర్శకులు దాచకూడదు. ఇక ఇద్దరూ మరిచిపోయేది మరొకటుంది. కరువుకు పదేళ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు విశ్వసించి తన బంధువర్గంలో ఊరూరా తిరిగి చెప్పడంతో ఆ ఉద్యమం మొదలైంది. మిషనరీ గొప్పతనమో, కరువు ప్రభావమో మాత్రమే చూసే చూపుకు ఈ మనిషి కనబడడు. నది ఒడ్డుకు వచ్చిన రెండువేల పైచిలుకు మంది హృదయాలలో ఏముందో ఒక్క మాటలో తేల్చే అధికారం మనకూ లేదు, విమర్శకులకూ లేదు. నీ తరగతిలో ఈ సంఘటనను రెండు పక్షాల నుంచీ రాయించు, ఆ తర్వాత ఏ పక్షం ఏ వాస్తవాన్ని వదిలేసిందో పిల్లల చేతనే వెతికించు.

అన్నిటికంటే లోతుగా పాతుకున్న పక్షపాతం సిద్ధాంతాలలో ఉండదు, బంధుత్వాలలో ఉంటుంది. మన పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవులమన్న మాట పక్కనే కులం పేరు కూడా అచ్చవుతోంది. దాన్ని సమర్థించుకోవడానికి మనం చెప్పే కారణాలు ఎంత సహజంగా వస్తాయో గమనించు. పేతురు కథ ఇక్కడ మనకు చాలా అవసరం. అన్యజనుడైన కొర్నేలీ ఇంట్లో “దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను” అని పలికిన అదే పేతురు, తర్వాత అంతియొకయలో, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి యూదులు కొందరు రాగానే అన్యజనులతో భోజనం మానుకుని వెనక్కు తగ్గాడు. బర్నబా అంతటివాడు కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడని పౌలు గలతీయులకు రాశాడు. కాబట్టి ఒకసారి గ్రహించాను కదా అని నిశ్చింతగా ఉండకు. మనవాళ్లు నలుగురు పక్కన కూర్చున్నప్పుడు నీ మాట ఎటు మొగ్గుతోందో చూసుకో.

ప్రార్థిస్తే దేవుడే చూపిస్తాడు కదా అని నీ తరగతిలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ప్రార్థించాలి, కానీ ప్రార్థన ఒక్కటే చాలదు. “అమేజింగ్ గ్రేస్” కీర్తన రాసిన జాన్ న్యూటన్ 1748లో సముద్రపు తుఫానులో దేవునికి మొరపెట్టుకుని మారినవాడు. ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసలను మోసే ఓడలలో పనిచేశాడు, కెప్టెన్‌గా ఆ ఓడలలోనే ఆరాధన నడిపించాడు. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ ఆయన బహిరంగంగా రాసింది 1788లో. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. చిత్తశుద్ధి ఉన్నవాడికి కూడా ఇంత పెద్ద అన్యాయం అన్నేళ్లు కనబడకుండా పోవచ్చు. అందుకే మన నిర్ణయాల వల్ల నష్టపోయేవారి మాట వినకుండా, వాక్యం నా పక్షాన ఉందని ఎన్నడూ అనవద్దు.

పద్ధతి విషయానికి వస్తే, ఒక్కటి మాత్రం తప్పనిసరిగా పాటించు. శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలతో నీకు అభిప్రాయభేదం ఉంటే, వారి వాదనను ముందు నీ మాటల్లో రాసి వారి పాస్టరు గారికి చూపించు. “మేము నమ్మేది ఇదే” అని ఆయన అనేవరకు దాన్ని ఖండించే పాఠం చెప్పవద్దు. హిందూ, ముస్లిం స్నేహితుల నమ్మకాల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే పాటించు. వాది మాట మొదట న్యాయంగానే వినిపిస్తుందని, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుందని సామెతల గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. మన సంఘాలలో చాలాచోట్ల ఆ ఎదుటివాడిని గుమ్మం దాకా కూడా రానివ్వరు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సంఘంలో పెరిగి, కాస్త చదువుకున్నాక, అనుమానించడమే తెలివి అనుకునే పిల్లలు నీకు ఎదురవుతారు. పెద్దలు నమ్మారు కాబట్టి అది తప్పే అయి ఉంటుందనుకోవడం కూడా పక్షపాతమే. వారిని కోప్పడకుండా నతనయేలు గురించి చెప్పు. నజరేతు నుంచి మంచిదేదైనా రాగలదా అన్నవాడు ఫిలిప్పు “వచ్చి చూడుము” అనగానే లేచి వెళ్లాడు. ప్రభువు అతని తొందరపాటు మాటను ఎత్తిచూపక, కపటం లేనివాడని అన్నాడు.

మొదటి కూడికకు రోమా 14వ అధ్యాయం తీసుకోమని నా సలహా. పిల్లలు ఏమేమి ప్రశ్నలు అడిగారో రాసి పంపు, ముఖ్యంగా నువ్వు జవాబు చెప్పలేకపోయినవి.

ఆశీర్వాదాలతో,
నీ పెదనాన్న