పర్లాకిమిడిలో ఉండి ప్రేమకథలు రాసే నాకు ఐడియాలు ఎలా వస్తాయంటే

మీ ప్రశ్న: "కొత్త ప్రేమకథకి ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి? హీరో హీరోయిన్ కలిసే సీను వరకు నాకు బాగానే వస్తుంది. తర్వాత అమ్మాయి వాళ్ల నాన్న ఒప్పుకోడు అని రాశాక కథ కదలట్లేదు. సీరియల్ నాలుగో భాగం దగ్గర ఆగిపోయింది. ఏం చేయాలి?"

మీరు ఆగిన చోటే చాలామంది ఆగుతారు. కలిసే సీను రాయడం మంచి సరదాగా ఉంటుంది. వాన, బస్టాండు, చేతిలోంచి జారిన ఫైలు, ఇద్దరూ ఒకేసారి వంగడం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఆ సీను ఎంత అందంగా వచ్చినా దాన్ని నేను ఐడియా అనుకోను. ఇద్దరి మధ్య ఒక అడ్డు ఉండాలి. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లందరూ ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే అనిపించాలి. అలాంటిది దొరికినప్పుడే నేను కొత్త నోట్‌బుక్ తెరుస్తాను.

నేను పుట్టింది టెక్కలిలో. పెళ్లయి పర్లాకిమిడి వచ్చాను. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం ఇది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర. మా చుట్టాల్లో సగం అటు, సగం ఇటు. ఇలాంటి చోట ఉండేవాళ్లకి అడ్డుల కోసం ఎక్కడో వెతకాల్సిన పని లేదు, రోజూ వాటి మధ్యలోంచే కూరగాయలు తెచ్చుకుంటాం.

ఒక కథ ఎలా పెరిగిందో మొత్తం చెప్తాను.

ఆంధ్రలోని నౌపడ నుంచి మా ఊరి మీదుగా ఒడిశాలోని గుణుపురం వరకు మాకు చిన్న రైలు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో పర్లాకిమిడి దాకా మొదలైంది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. పెద్ద లైనుగా మార్చడానికి 2004లో ఆపేశారు. 2011లో గుణుపురం దాకా మళ్లీ రైలు నడిచింది. ఇవన్నీ మా ఊళ్లో పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని చెప్పుకునే సంగతులే. ఒకసారి కాగితం మీద వరసగా రాసుకున్నప్పుడు 2004కీ 2011కీ మధ్య ఉన్న ఖాళీ నా కంట్లో పడింది. ఏడేళ్లు. విడిపోయి మళ్లీ కలిసే ప్రేమకథకి సరిగ్గా సరిపోయే కాలం, నేను కల్పించక్కర్లేకుండానే దొరికింది.

అబ్బాయిది పాతపట్నం అనుకున్నాను. చింతపండు వ్యాపారి దగ్గర గుమాస్తా, వసూళ్లకి గుణుపురం వెళ్తుంటాడు. అమ్మాయిది పర్లాకిమిడి, తెలుగు ఇల్లే, గుణుపురంలో నర్సు. ఒకే పెట్టెలో ఎక్కడం అలవాటైంది. ఇంతలో రైలు ఆగిపోయింది. ఇక్కడిదాకా రాగానే నన్ను నేను అడిగిన ప్రశ్న, "బస్సులున్నాయి కదా?" దీనికి జవాబు లేకపోతే ఐడియా అక్కడే చచ్చిపోయినట్టు. మొదటి కామెంటులోనే పాఠకులు అడిగేస్తారు, అడగాలి కూడా.

దాని మీద చాలా రోజులు కూర్చున్నాను. చివరికి తట్టింది. రైల్లో పక్కన కూర్చోవడం ఎవరో తీసుకున్న నిర్ణయం కాదు. ఆ రైలుకి అదొక్కటే దారి, ఆ పెట్టెలో అదొక్కటే ఖాళీ. అమ్మాయి ఇంట్లో ఎవరైనా అడిగినా చెప్పడానికి ఏమీ లేదు. అదే అతను పాతపట్నం నుంచి పనిగట్టుకుని పర్లాకిమిడి వచ్చి ఆమె ఎక్కే బస్సే ఎక్కితే అది నిర్ణయం. ఊరంతా చూస్తుంది. అంటే రైలుతో పాటు ఆగిపోయింది ప్రయాణం కాదు, వాళ్ల సాకు. ఇప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఈ మాట దొరికిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

సరే, నోరు ఎవరు విప్పుతారు? అమ్మాయే అనుకున్నాను, ఉత్తరం రాస్తుంది. ఇక్కడ మా ఆడపడుచు వంటల పుస్తకం సాయపడింది. పెళ్లయిన కొత్తలో అది నా చేతికిచ్చింది. పాత లెక్కల నోట్‌బుక్కు, అట్ట మీద నూనె మరకలు. తెరిచి చూస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ పక్కన కూర్చుని వేలు పెట్టి చదువుతుంటే అన్నీ నాకు తెలిసిన మాటలే, పనసపొట్టు, ఆవ పిండి, కరివేపాకు. మాట తెలుగు, రాత ఒడియా. ఇక్కడి బడిలో ఒడియా మీడియం చదివిన తెలుగు పిల్లలు ఎంతోమంది ఇలాగే రాసుకుంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు రాత మాత్రం రాదు.

అంటే నా కథలో అమ్మాయి మనసులో ఉన్నదంతా తెలుగులో చెప్పింది, కానీ ఒడియా అక్షరాల్లో రాసింది. పాతపట్నం అబ్బాయికి అది చదవడం రాదు. ఎవరి చేతో చదివించుకోవాలి. ప్రేమ ఉత్తరాన్ని మూడో మనిషి గొంతులో వినాలి.

ఆ మూడో మనిషి ఎవరు అన్నదాని మీదే కథంతా నిలబడింది. మిఠాయి కొట్టు ఆయన అనుకున్నాను, నవ్వులాటగా తేలిపోయింది. అమ్మాయి అన్నయ్య అనుకున్నాను, నేరుగా తగాదాలోకి వెళ్లింది. చివరికి పర్లాకిమిడిలో పుట్టి పాతపట్నంలో మెట్టిన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఆవిడ అమ్మాయికి సొంత మేనత్త, ఆ సంగతి అబ్బాయికి తెలియదు. మేనకోడలి చేతిరాత ఆవిడ గుర్తుపట్టింది. అప్పటికే పిల్లకి మంచి సంబంధం మాట్లాడుతున్నారు, మాట్లాడుతున్నది ఆవిడే. ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు వదిలేసి మిగతాది చదివి వినిపించింది.

ఆవిడని దుర్మార్గురాలిగా రాస్తే కథ చప్పబడిపోయేది. మేనకోడలంటే ఆవిడకి ప్రాణం. ఎవరో గుమాస్తా, జీతం ఎంతో తెలియదు, ఊరు వేరు, రాష్ట్రం వేరు. నేను ఆ కుర్చీలో ఉన్నా ఆ రెండు వాక్యాలు చదివేదాన్నో లేదో చెప్పలేను. ఆ అనుమానం నాకే ఉంది కాబట్టి ఆవిడ భాగాలు బాగా వచ్చాయి.

ముగింపు గురించి ఒక మాట. 2011లో మొదటి రైల్లో ఇద్దరూ ఎదురుపడతారు అని రాయడం చాలా తేలిక, చూడ్డానికి కూడా బాగుంటుంది. నేను రాయలేదు. ప్రేమకథలో ఇద్దర్నీ కలిపేది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే అయి ఉండాలి, రైలు టైంటేబుల్ కాకూడదు. నా కథలో అబ్బాయి ఆ ఉత్తరం దాచుకుంటాడు. గుణుపురంలో బిల్లులు రాసీ రాసీ, కొట్ల బోర్డులు చూసీ చూసీ, ఏళ్ల మీద ఒడియా అక్షరాలు నేర్చుకుంటాడు. ఒక మధ్యాహ్నం తనంతట తాను ఆ ఉత్తరం మొదటి నుంచి చదవడం మొదలుపెడతాడు. తర్వాత ఏం చేస్తాడో రాయడానికి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

అన్ని ఐడియాలూ ఇంత దూరం రావు. కొన్ని ఒక్క ఫోన్ కాల్‌తో తెగిపోయేవి ఉంటాయి, అపార్థాల కథలన్నీ దాదాపు అంతే. అలాంటివాటిని నేను వదిలేస్తాను.

పాత్రల ఉద్యోగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా సీరియల్స్‌లో హీరోకి కారు ఉంటుంది కానీ పని ఉండదు. పని ఉంటే సీన్లు వాటంతట అవే వస్తాయి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు. పశువుల కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. కొమ్ముని సెగకి పట్టి, మెత్తబడ్డాక వంచుతారు. ఆ సెగకి వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, చొక్కాకి పట్టుకుంటుంది. అలాంటి పనివాణ్ణి హీరోగా పెట్టి కథ రాస్తున్నప్పుడు మల్లెపూలు, సెంటు వాసనల జోలికే పోలేదు. హీరోయిన్‌కి మొదట్లో ఆ వాసన పడదు. మధ్యలో ఎక్కడో, అతను ఊళ్లో లేనప్పుడు, వేరే వీధిలో ఆ వాసన తగిలి ఆగిపోతుంది. ఆ సీను కింద వచ్చినన్ని కామెంట్లు నా ఏ డైలాగుకీ రాలేదు.

ఇప్పుడు రాస్తున్నదాని గురించి కొంచెం చెప్తాను, ఎవరిని నాయికగా పెట్టుకోవాలన్న ప్రశ్న ఇందులో ఉంది కాబట్టి. మనలో చాలా ఇళ్లలో మేనరికం మామూలు. మేనమామ కూతురంటే చిన్నప్పటి నుంచి వరస కలిపేస్తారు. ఇక్కడి చాలా ఒడియా కుటుంబాల్లో మేనమామ కూతురు చెల్లెలే, పెళ్లి అన్న ఊహే రాదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా దీన్ని నిషేధించిన బంధుత్వాల్లోనే పెట్టి, ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. ఇక చూడండి. తెలుగబ్బాయిని ఇష్టపడిన ఒడియా అమ్మాయి, అతని మరదలిని అతని చెల్లెలు అనుకునే చూస్తుంది. అసూయ ఎందుకుంటుంది? స్నేహం చేస్తుంది. మనసులో మాట ముందు ఆమెకే చెప్తుంది, అబ్బాయి పేరొక్కటి తప్ప.

దీనికి పండగ కూడా కలిసొచ్చింది. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఒడియా పెళ్లికాని పిల్లలకి కుమార పూర్ణిమ, మంచి మొగుడు రావాలని చంద్రుణ్ణి కొలుస్తారు. సరిగ్గా మూడో రోజు, బహుళ తదియ, మనకి అట్లతద్ది. అదే చంద్రుడు, అదే కోరిక. మొదటి పండగకి మరదలు ఒడియా అమ్మాయి ఇంటి డాబా మీదికి వెళ్తుంది. రెండోదానికి ఆ అమ్మాయి వీళ్లింటికి వచ్చి ఉయ్యాల ఊగి, చంద్రోదయం అయ్యాక అట్లు తింటుంది. ఇద్దరూ ఒకే మనిషిని అడుగుతున్నారని ఇద్దరికీ తెలియదు. ఒడియా అమ్మాయినే నాయిక అనుకుని మొదలుపెట్టాను. ఈ సీను రాసేసరికి మరదలే ముందుకు వచ్చింది. ఆమె పోగొట్టుకునేది ఎక్కువ. బావతో పాటు, ఊహ తెలిసినప్పటి నుంచి తన గురించి తనకున్న లెక్కంతా పోతుంది. కథని ఆమె వైపు నుంచి చెప్పాలని నిర్ణయించుకున్నాను, ఆమెకి దక్కాల్సిన ప్రేమ వేరే ఉంది, అది నెమ్మదిగా వస్తుంది.

ఇక మీ నాలుగో భాగం. అమ్మాయి వాళ్ల నాన్న ఒప్పుకోడు అన్నారు, ఎందుకు ఒప్పుకోడో మీ ప్రశ్నలో లేదు. కథలో కూడా లేదేమో చూసుకోండి. పరువు, కులం అన్న మాటలు రాసి వదిలేస్తే ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు, ఆయన వెనకే మీరూ. ఆయనకి ఏం భయం? ఇదివరకు ఆ ఇంట్లో ఎవరైనా ఇలా వెళ్లి కష్టపడ్డారా? అప్పుడు ఎవరు ఎవరికి మాటిచ్చారు? ఒక పూట కూర్చుని ఆయన ఆయన భార్యతో రాత్రిపూట మాట్లాడుతున్నట్టు ఒక పేజీ రాయండి, మీ హీరోని ఎందుకు వద్దంటున్నాడో ఆయన మాటల్లోనే. ఆ పేజీ సీరియల్‌లో పెట్టక్కర్లేదు. చదువుతుంటే మీకే "ఆయన అన్నదీ నిజమే" అనిపించిందనుకోండి, ఐదో భాగం అమ్మాయి వైపు నుంచి మొదలుపెట్టండి, ఆ మాటలు ఆమె గోడ అవతలి నుంచి విన్నట్టుగా. అనిపించకపోతే ఆ పేజీ ఇక్కడే కింద పెట్టండి, చదివి నాకు తోచింది చెప్తాను.