కేజీ రాయి, లీటరు నీళ్లు

ప్రశ్న: సార్, ఆదోనిలో ఇంటర్ చదువుతున్నాను. 100 డిగ్రీల వేడి మీదున్న కేజీ ఇనుమును 30 డిగ్రీల లీటరు నీళ్లలో వేస్తే చివరికి ఎంత వేడి ఉంటుంది? రెండూ కేజీయే కదా, సగటున 65 అనుకున్నాను. పుస్తకంలో 37 అని ఉంది. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముకూ ఇదే లెక్కా?

జవాబు: పుస్తకమే రైటమ్మా. కేజీ వేడినీళ్లలో కేజీ చన్నీళ్లు కలిపి ఉంటే నీ 65 వచ్చేది. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1 క్యాలరీ కావాలి, గ్రాము ఇనుముకు 0.11 చాలు. అంటే వేడి లెక్కలో కేజీ ఇనుము 110 గ్రాముల నీళ్లకు సమానం. క్లాసులో నేను ఇట్లాగే చెప్పేవాణ్ణి: ఇనుము సంగతి మర్చిపోండి, 110 గ్రాముల మరిగే నీళ్లు పోశామనుకోండి. 110ని 100తో, 1000ని 30తో గుణించి కలిపితే 41,000. దాన్ని 1,110తో భాగిస్తే 36.9.

అయితే మే నెలలో చేసి చూసేవు! గది 42 డిగ్రీలుంటే మూత పెట్టిన గిన్నెలో నీళ్లు 37 దగ్గర ఆగవు, గాలిలోని వేడి పట్టుకొని మెల్లగా పైకి పోతాయి. ల్యాబులో కెలోరిమీటరు (వేడి లెక్కలు కొలిచే పాత్ర) చుట్టూ ఉన్ని కూరేది అందుకే. ఇంట్లో అయితే కలిపిన వెంటనే థర్మామీటరు చూడు.

ఎర్రటి ఇనుముకు ఈ లెక్క సరిపోదు. అది తగిలినచోట నీళ్లు ఆవిరవుతాయి. ఒక్కో గ్రాము ఆవిరి దాదాపు 540 క్యాలరీలు పట్టుకొని గాలిలో కలిసిపోతుంది. పైగా ఇనుము కాలేకొద్దీ ఆ 0.11 కూడా పెరుగుతుంది. కమ్మరి తొట్టిలో నీళ్లెక్కువ కాబట్టి సరిపోయింది. అరకేజీ కొడవలిని 800 డిగ్రీల దగ్గర 20 లీటర్లలో ముంచినా నీళ్లు పెరిగేది రెండు మూడు డిగ్రీలే.

ఇంట్లో చేస్తే ఇనుమును మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీయి, ఇంచుమించు 100కి వస్తుంది. పొయ్యిలో మాత్రం పెట్టొద్దు. చిన్నప్పుడు నేను మా నాన్న అంగడిలోని కేజీ తూకం రాయిని కట్టెల పొయ్యిలో పెట్టాను. తూకం సరిచేయడానికి ఆ రాయి అడుగున గుంటలో సీసం పోసి ఉంటారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. రాయి ఎర్రబడకముందే సీసమంతా బూడిదలోకి కారిపోయింది. సాయంత్రం తూకం తేడా రాగానే నాన్న అడిగింది ఒకటే మాట: "పొయ్యి కాడికి ఎవుడురా పోయింది?"