జంతువుల అడుగుజాడలు గుర్తుపట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ చేను గట్టు మీద అరచేయంత ముద్రలు కనిపించాయని, గోళ్ల గుర్తులు లేవు కాబట్టి చిరుతే అని ఊళ్లో అంటున్నారని రాశారు. ఇలాంటివి సొంతంగా గుర్తుపట్టడం ఎలా నేర్చుకోవాలని అడిగారు. మాది నల్లమల అంచున, మార్కాపురం వైపు పల్లె. జాడలు చూడటం నాకు మొదట నేర్పింది మేకలు కాసే మా చిన్నాన్న. తర్వాత చాలా విషయాలు అటవీ శాఖ బేస్ క్యాంపులో వాచర్‌గా చేసే ఒక చెంచు అన్న దగ్గర తెలుసుకున్నాను.

పులితోనో చిరుతతోనో మొదలుపెట్టకండి. కుక్క, పిల్లి, మేక, బర్రె, కోడి, వీటి ముద్రలు చూడగానే తెలిసేదాకా అడవి వైపు వెళ్లాల్సిన పనే లేదు. కారణం ఏమిటంటే, వీటి విషయంలో జవాబు మీ కళ్లముందే ఉంటుంది. కుక్క నడిచి వెళ్లడం చూస్తారు, వెంటనే వెళ్లి ముద్ర చూస్తారు. అడవిలో ఆ వీలు లేదు, అక్కడ మీ ఊహ తప్పని చెప్పేవాళ్లు ఉండరు. బోరు మోటారు దగ్గర రెండు మూడు అడుగుల మేర మెత్తటి మన్ను జల్లెడ పట్టి పలచగా పరచండి, కాస్త నీళ్లు చిలకరించండి. సాయంత్రం మీ కుక్కను దాని మీద ఒకసారి నడిపించి, ఒకసారి పరిగెత్తించండి. అదే కాలు రెండు రకాలుగా పడుతుంది. పరుగులో వేళ్లు విచ్చుకుంటాయి, గోళ్లు లోతుగా దిగుతాయి. మట్టిని మళ్లీ చదును చేసి వదిలేస్తే రాత్రి ఎవరెవరు వచ్చి వెళ్లారో తెల్లారేసరికి తెలిసిపోతుంది. మా దగ్గర ఎక్కువగా ముంగిసలు, పిల్లులు, అప్పుడప్పుడు ఒక నక్క.

ఇక మీ అసలు ప్రశ్న, గోళ్ల సంగతి. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, కుక్క జాతివి బయటే ఉంటాయి. ఇది నిజమే. కానీ దీన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే లాభం లేదు. తారు రోడ్డు మీద, సిమెంటు మీద తిరిగే ఊరకుక్కల గోళ్లు అరిగిపోయి ఉంటాయి. గట్టి నేల మీద వాటి గుర్తు పడకపోవచ్చు. అటు చిరుత బురదలో జారితే పట్టు కోసం గోళ్లు బయటికి తీస్తుంది. అందుకే ముందు ఆకారం చూడాలి. కుక్క ముద్ర కోలగా ఉంటుంది, మధ్య వేళ్లు రెండూ సమానంగా ముందుకు ఉంటాయి. వేళ్లకూ అరికాలి మెత్తకూ మధ్య మిగిలిన మట్టి మీద పుల్లతో ఇంటూ గుర్తు గీస్తే ఎక్కడా అడ్డు తగలదు. పిల్లి జాతిలో ముద్ర గుండ్రంగా ఉంటుంది, మెత్త పెద్దది, దాని వెనక అంచులో మూడు వంపులు కనిపిస్తాయి. వేళ్లు సమానంగా ఉండవు, మన నడిమి వేలు లాగే ఒకటి ముందుకు పొడుచుకొస్తుంది. ఇంటి పిల్లికీ ఇదే లెక్క, చిరుతకూ ఇదే లెక్క, సైజే తేడా. చిరుత ముద్ర సుమారుగా 7 నుంచి 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, పెద్ద మగపులిది 12 దాటుతుంది. బురదలో పడిన ముద్ర అసలు కాలికన్నా పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి కొలతను కూడా గుడ్డిగా నమ్మకండి.

మన పల్లెల్లో చిరుత అని హడావుడి అయినప్పుడు జనానికి అసలు గుర్తురాని జంతువు ఒకటుంది, దుమ్ములగొండి, అంటే హైనా. దానికి తల, మెడ, భుజాలు బరువు. ఆ బరువంతా ముందుకాళ్ల మీదే పడుతుంది, అందుకే ముందుపాదాలు వెనకపాదాలకన్నా స్పష్టంగా పెద్దవి. మొద్దుబారిన గోళ్ల గుర్తులూ పడతాయి. ఎముకలు నమిలి తింటుంది కాబట్టి ఎండిన మలం సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. పాదముద్ర అర్థం కాకపోయినా ఆ తెల్లటి మలం దగ్గర్లో కనిపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

చెంచు అన్న దగ్గర నేను నేర్చుకున్న పెద్ద విషయం, ఒక్క ముద్ర దగ్గర కూర్చోకుండా నడిచిన వరుసను చూడటం. ఊరకుక్క నడక అటూ ఇటూ పోతుంది. గడ్డి దుబ్బు కనిపిస్తే వాసన చూస్తుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ దారి మారుస్తుంది. నక్క గానీ చిరుత గానీ పని మీద వెళ్లినట్టు సూటిగా పోతాయి. పిల్లి జాతిలో వెనకకాలు చాలాసార్లు ముందుకాలు పడిన చోటే పడుతుంది, కాబట్టి ముద్రలు తక్కువగా, ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి. కుందేలు దగ్గర కొత్తవాళ్లు దిశ తిప్పి చదువుతారు. గెంతినప్పుడు దాని పొడవాటి వెనకకాళ్లు ముందుకాళ్లను దాటి ముందు పడతాయి, అందుకని పెద్ద ముద్రలు ఉన్నవైపే అది వెళ్లినట్టు. ఇసుకలో అయితే వేళ్లు, మెత్త ఏవీ తెలియవు, నడక వరుస ఒక్కటే మిగులుతుంది. దీని మీద పట్టు వస్తే మీకు సగం విద్య వచ్చినట్టే.

చూసే వేళ కూడా ముఖ్యం. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. ముద్ర మీకూ సూర్యుడికీ మధ్య ఉండేలా నిలబడితే నీడ వల్ల అంచులు లేచి కనిపిస్తాయి. అదే ముద్ర మిట్టమధ్యాహ్నం మాయమైపోతుంది. బాట మధ్యలో కాకుండా అంచున నడవండి, లేకపోతే మీ చెప్పులే అన్నిటినీ చెరిపేస్తాయి.

ఎప్పటి ముద్రో తెలుసుకోవడానికి నేను ఎక్కువగా నమ్మేది బండ్ల టైర్లను. మా బాటలో రాత్రి చివరగా వెళ్లేది పాల బండి, పొద్దున్నే మొదట వచ్చేదీ అదే. రాత్రి పడిన టైరు గుర్తు మీద అడుగు ఉంటే అది ఆ బండి పోయాక వచ్చినట్టు. అడుగు మీద టైరు ఉంటే అంతకుముందే. వాన చినుకుల గుంటలు ముద్ర లోపల కూడా ఉన్నాయా, బయటే ఉన్నాయా అన్నదీ ఇలాంటిదే. అంచులు పదునుగా ఉంటే కొత్తది అంటారు గానీ, గాలి లేని చోట నిన్నటిది కూడా పదునుగానే ఉంటుంది.

గిట్టల జంతువులు పైకి తేలికనిపిస్తాయి, నిజానికి విసిగిస్తాయి. చుక్కల దుప్పి, మేక ముద్రలు దగ్గరదగ్గరగా ఉంటాయి, పెంటికలు మరీనూ. పెంటికలు ఒక్కటే చూసి తేల్చకుండా పక్కన గిట్ట ముద్ర కోసం, కొరికిన కొమ్మ కోసం వెతకండి. అడవి పంది మాత్రం దొరికిపోతుంది. ప్రధాన గిట్టల వెనక, రెండు పక్కలా చిన్న గిట్టల గుర్తులు పడతాయి. జింక జాతిలో అవి బురదలోనో పరుగులోనో తప్ప పెద్దగా పడవు. పైగా పంది వచ్చిన చోట నేల దున్నినట్టు పెళ్లగించి ఉంటుంది, దగ్గర్లో చెట్ల మొదళ్లకు ఒళ్లు రుద్దుకున్న బురద ఉంటుంది. మనుబోతు (నీల్‌గాయ్), నాలుగు కొమ్ముల జింక మాటిమాటికీ ఒకే చోట పెంటికలు వేస్తాయి కాబట్టి పాతవీ కొత్తవీ కలిసిన కుప్ప కనిపిస్తుంది.

ఎలుగుబంటి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మా వైపు జనం చిరుతకన్నా దానికే ఎక్కువ భయపడతారు, అందులో న్యాయం ఉంది. ఐదు వేళ్లూ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి, వాటికి బాగా ముందు పొడవైన గోళ్ల పోట్లు. వెనకపాదం మనిషి పాదంలా ఉంటుంది. తవ్వి పగలగొట్టిన చెదపుట్టలు, వేసవిలో తునికి గింజలతో నిండిన మలం దాని గుర్తులు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి ఒంటరిగా వెళ్లకండి. కొత్త ముద్ర కనిపిస్తే అది వెళ్లిన వైపు పోకుండా, వచ్చిన వైపు వెనక్కి చదువుకుంటూ వెళ్లండి. నేర్చుకునేది అంతే ఉంటుంది, జంతువు మాత్రం దూరమవుతుంది. ఎలుగుకే కాదు, అన్నిటికీ నేను ఇదే పాటిస్తాను.

ఫోటోకన్నా ముందు నోట్‌బుక్‌లో బొమ్మ వేయండి. బొమ్మ వేయాలంటే వేళ్లు లెక్కపెట్టక తప్పదు, ఫోటో తీస్తే చూడకుండానే చూశామనుకుంటాం. ఫోటో తీసేటప్పుడు పక్కన 10 రూపాయల నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి తీయండి. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, తర్వాత కొలత తేలిగ్గా తీసుకోవచ్చు. ఒకప్పుడు మన దేశంలో పులుల లెక్కే పాదముద్రల మీద నడిచేది, గాజు పలక మీద గీసి, ప్లాస్టర్ అచ్చులు పోసి. ముద్ర చూసి ఇది ఫలానా పులే అని చెప్పడం నమ్మకంగా లేదని 2006 లెక్కింపు నుంచి కెమెరా ట్రాపులకు, అంటే జంతువు ముందు నుంచి వెళ్తే దానంతట అదే ఫోటో తీసే కెమెరాలకు మారారు. అయినా ఏయే బీటులో, అంటే ఒక్కో గార్డు చూసుకునే అడవి ముక్కలో, ఏ జంతువు తిరుగుతోందో తెలుసుకోవడానికి సిబ్బంది ఇప్పటికీ నడిచి జాడలే నమోదు చేస్తారు. కాబట్టి జాతిని చెప్పడం నేర్చుకోండి. ఆడా మగా, వయసెంత అని చెప్పేవాళ్ల మాటలు వినండి గానీ లెక్కలోకి తీసుకోకండి.

టైగర్ రిజర్వు లోపలికి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. రాలిపోయిన దుప్పి కొమ్ము అయినా సరే ఇంటికి తేకూడదు. ఏదుపంది ముల్లు కూడా అక్కడే వదిలేయండి. ముద్రల ఫోటోలు లొకేషన్‌తో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఉచ్చులు వేసేవాళ్లు, కరెంటు తీగలు పెట్టేవాళ్లు కూడా అవే గ్రూపుల్లో ఉంటారు.

మీ గట్టు మీద ముద్రల విషయానికొస్తే, గోళ్లు లేవన్న ఒక్క మాటతో నేను చిరుత అనను, కాదనీ అనను. పొద్దున్నే వెళ్లి మెత్త వెనక మూడు వంపులు ఉన్నాయా, ముందుపాదం వెనకపాదం సైజులో తేడా ఎంత, నడక సూటిగా పోయిందా అన్నవి చూడండి. ఒక్కరే వెళ్లకండి. బాగా పడిన ముద్ర ఒకటి ఎంచుకుని, చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి పైన గంప బోర్లించండి. తర్వాత బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోపు గొర్రెలు తొక్కేస్తే ఎవరు చూసినా చెప్పలేరు.