రెప్పలు వాలిపోతుంటే గుండె పరీక్ష దేనికి?

మీ అమ్మాయికి రెప్పలు వాలిపోతున్నాయని చూపిస్తే కంటి డాక్టరు ఈసీజీ తీయించమన్నారని, కంటికీ గుండెకీ సంబంధం ఏమిటని అడిగారు. దయచేసి ఆలస్యం చేయకుండా తీయించండి. మా తమ్ముడిది కర్న్స్-సేర్ సిండ్రోమ్, అంటే కంటి కండరాలతో పాటు గుండెనూ దెబ్బతీసే జన్యు జబ్బు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ పాపకూ అదేనని అనడం లేదు.

వాడికి 16 ఏళ్లప్పుడు మొదలైంది. గడ్డం పైకెత్తి, రెప్పల కింది సందులోంచి చూసేవాడు. రాత్రిళ్లు సరిగ్గా పడుకోవట్లేదని మందలించేవాళ్లం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మొదట మయస్తీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) అనుకుని మాత్రలు ఇచ్చారు, రెప్పలు లేవలేదు. మయస్తీనియాలో సాయంత్రానికి ఎక్కువవుతుందట, వీడికి రోజంతా ఒకటే తీరు. కనుగుడ్లు కూడా తిరగడం తగ్గిపోయి, పక్క నుంచి పిలిస్తే మెడంతా తిప్పి చూసేవాడు.

రక్తంలో జన్యు లోపం దొరకలేదు. తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే దొరికింది: మైటోకాండ్రియా డీఎన్‌ఏలో కొంత భాగమే లేదు. కణాలకు శక్తి తయారుచేసేవి అవే. అందుకే శక్తి ఎక్కువ కావలసిన కంటి కండరాలు, గొంతు, కాళ్లూ చేతులూ, గుండె దెబ్బతింటాయి. తన వల్లే వచ్చిందని అమ్మ చాలా ఏడ్చింది. కానీ ఎక్కువమందిలో ఇది వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది.

ఇక గుండె సంగతి. మొదటి ఈసీజీ మామూలుగానే ఉంది. ఏడాది తర్వాత తీస్తే కరెంటు సంకేతం వెళ్లే దారిలో బ్లాక్ కనిపించింది. ఆయాసం లేదు, కళ్లు తిరగడం లేదు, వాడికి ఏమీ తెలియనే లేదు. ఈ జబ్బులో అది ఉన్నట్టుండి పూర్తి హార్ట్ బ్లాక్‌గా మారొచ్చని, ప్రాణం పోవచ్చని చెప్పి ముందుగానే పేస్‌మేకర్ పెట్టారు. మొదటిది బాగుంది కదా అని మేము ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం.

రెటీనా (కంటి లోపలి వెనక పొర) కూడా చూపించండి, ఈ జబ్బులో అక్కడ మచ్చల్లాంటి మార్పులు వస్తాయి. నీళ్లు తాగేటప్పుడు తరచూ పొలమారుతోందా, మెట్లెక్కితే కాళ్లు పట్టేస్తున్నాయా అని పాపనే అడగండి, పిల్లలు వాళ్లంతట వాళ్లు చెప్పరు. రెప్పలు పైకి కట్టే ఆపరేషన్‌కు మాత్రం తొందరపడకండి. కన్ను పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. ఏ ఆపరేషన్ అయినా మత్తు డాక్టరుకు ఈ అనుమానం ఉందని ముందే చెప్పండి.

పాత ఈసీజీ కాగితాలన్నీ దాచి, వెళ్లిన ప్రతిసారీ పట్టుకెళ్లండి. మా తమ్ముడిలో వచ్చిన మార్పు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే డాక్టరుకు స్పష్టంగా తెలిసింది.