అమెరికాలో పాత టీవీ వెస్టర్న్‌లకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

వెస్టర్న్‌లంటే కౌబాయ్ కథలే. కౌబాయ్ అనగానే మనకు కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) గుర్తొస్తుంది. అమెరికాలో మాత్రం 1950ల చివర్లో ఏ రాత్రి టీవీ పెట్టినా గుర్రాలే, తుపాకులే. ‘గన్‌స్మోక్’ అనే సీరియల్ ఒక్కటే 1955 నుంచి 1975 దాకా 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు నడిచింది.

ఆ కాలాన్ని చూస్తే కారణం కొంత తెలుస్తుంది. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్నయుద్ధం, నెత్తిన అణుబాంబు టెన్షన్. అలాంటప్పుడు తప్పేదో ఒప్పేదో తేల్చి చెప్పే ‘గన్‌స్మోక్’ హీరో, డాడ్జ్ సిటీ మార్షల్ (పోలీసు అధికారి లాంటివాడు) మాట్ డిలన్ జనానికి కొండంత అండగా కనిపించాడు. పైగా వివక్ష లాంటి విషయాలను ఇప్పటి కథగా చెబితే స్పాన్సర్లు జంకేవారు. అదే పాతకాలపు ఊళ్లో జరిగినట్టు చూపిస్తే చెల్లిపోయేది. ఇక 1959లో ఎన్‌బీసీ చానల్‌లో మొదలైన మరో వెస్టర్న్ ‘బొనాంజా’ రంగుల్లో వచ్చింది. ఎన్‌బీసీ మాతృసంస్థ ఆర్‌సీఏ కలర్ టీవీలు కూడా అమ్మేది మరి!

అయితే వీటిని చరిత్ర అనుకుని చూడకూడదు. అసలు కౌబాయ్‌లలో నల్లవాళ్లు, మెక్సికన్లు చాలామందే ఉండేవారు. తెర మీద దాదాపు అందరూ తెల్లవాళ్లే. నేటివ్ అమెరికన్లు ఎక్కువగా విలన్లు. ఆ వేషాలు కూడా తరచూ తెల్ల నటులకే దక్కేవి.