ఎస్కుదో కొనేముందు అంచు తిప్పి చూడండి

"19వ శతాబ్దపు దక్షిణ అమెరికా బంగారు నాణేలు సేకరించాలనుంది, పెట్టుబడిగా బాగుంటాయా?" అని అడిగారు. పెట్టుబడే ముఖ్యమైతే వద్దండి. బంగారం బిస్కెట్ కొనుక్కోండి, అమ్మడం కూడా తేలిక. ఈ నాణేలు చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళవి. నాకు ఆ పిచ్చి బాగా ఉంది.

నాకు ప్రాణం పొపయాన్ టంకశాల 8 ఎస్కుదోల నాణెం. ఎస్కుదో అంటే స్పెయిన్ ఏలుబడిలో చెల్లిన బంగారు నాణెం. ఊరు ఇప్పటి కొలంబియాలో ఉంది. నాణెం 27 గ్రాములు, 21 క్యారెట్లు. 1808లో స్పెయిన్‌లో నాలుగో కార్లోస్ దిగిపోయి, కొడుకు ఏడో ఫెర్నాండో గద్దెనెక్కాడు. పొపయాన్ మాత్రం ఏళ్ళ తరబడి కొడుకు పేరు వేసి తండ్రి బొమ్మే కొట్టింది. 1820లలో రిపబ్లిక్ వచ్చాక రాజు స్థానంలో స్వేచ్ఛామూర్తి తల వచ్చింది. ఆ రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సామ్రాజ్యం పోవడం కళ్ళకు కడుతుంది.

నేనుండేది న్యూజెర్సీలో. ఒక చలికాలం న్యూయార్క్‌లో నాణేల షోకి వెళ్తే, ఒక డీలర్ "చాలా అరుదు" అంటూ ఫెర్నాండో పేరున్న పొపయాన్ నాణెం చేతిలో పెట్టాడు. ముఖం బాగుంది, అక్షరాలు నిండుగా ఉన్నాయి. అంచు పట్టుకుని తిప్పాను. రాజు తల పైన, సరిగ్గా నడినెత్తి దగ్గర, అంచు గీతలు చిటికెన వేలి గోరంత మేర మాయమయ్యాయి. అక్కడ రంగు కూడా కాస్త పాలిపోయి ఉంది. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఆకురాయి గీతలు.

"టంకశాలలో బరువు సరిచేసిన గీతలు సార్" అన్నాడు. అలాంటివి నిజంగానే ఉంటాయి. బిళ్ళ బరువెక్కువైతే రాసి తగ్గించేవాళ్ళు. కానీ ఆ పని అచ్చు కొట్టకముందు జరుగుతుంది. అచ్చు దెబ్బకి ఆ గీతలు అణిగిపోయి బొమ్మ కింద ఉండాలి. ఇక్కడ గీతలు అక్షరం మీదుగా కోసుకుపోయాయి. ఎవరో ఒకప్పుడు రింగు అతికించి మెళ్ళో వేసుకున్నారు, తర్వాత ఊడదీసి, మిగిలిన టంకాన్ని ఆకురాయితో అరగదీశారు. మా అమ్మమ్మ కాసులపేరు చూస్తూ పెరిగినవాణ్ణి, టంకం పెట్టిన చోటు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మాట అతనికి చెప్పాను. వెంటనే ధర బాగా దించాడు. నేను తీసుకోలేదు. దోషం చెప్పి అమ్మితే కొనేవాణ్ణేమో, దాచి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనను.

ఈ "అరుదు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బ్రెజిల్‌లో 1822లో మొదటి పెద్రో పట్టాభిషేకానికి కొట్టిన 6400 రెయిస్ నాణేలు 64 మాత్రమే. అరుదంటే అదీ. ప్రతి ఎస్కుదోకీ ఆ ముద్ర వేస్తే కొత్తవాళ్ళు ఏది నమ్మాలి? ఇంకో బాధ, మెరుగు పెట్టించడం. రెండు వందల ఏళ్ళ రంగుని పాలిష్ చేసి పోగొట్టిన నాణెం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బంధువులైతే చూపించగానే "కరిగిస్తే ఎన్ని తులాలు?" అంటారు. అందుకే ఇప్పుడు ఎవరికీ చూపించడం లేదు.

నకిలీల విషయం. ప్లాటినం బంగారం కంటే చవగ్గా ఉన్న రోజుల్లో దానితో ఎస్కుదోలు కొట్టి బంగారు పూత పూసేవాళ్ళు. ప్లాటినం బంగారం కన్నా బరువు కాబట్టి నాణెం కాస్త చిన్నగానో పల్చగానో చేస్తే తూకం సరిపోతుంది. అందుకే ఉత్త తూకం ఒక్కటే చాలదు. వ్యాసం, మందం కూడా కొలవాలి.

మొదటి నాణేనికి కొలంబియా రిపబ్లిక్ వాటిలో బొగోటా టంకశాలదో పొపయాన్‌దో చూడండి. పెరూ, చిలీ తర్వాత. ఆన్‌లైన్‌లో అయితే అంచు చుట్టూ ఫోటోలు అడగండి. పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి.