వర్క్ ప్రోగ్రామ్ సవరణ నెత్తిన పడ్డ తమ్ముడికి

తమ్ముడూ,

మీ ఎంపీవోలో (అమెరికాలో ఒక పట్టణ ప్రాంతపు రవాణా ప్లానింగ్ చూసే సంస్థ) ట్రావెల్ మోడల్, అంటే రాకపోకల్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్, చూసే అమ్మాయి మధ్యలో మానేసిందనీ, వర్క్ ప్రోగ్రామ్ (చేయాల్సిన పనులు, అంటే టాస్కులు, ఒక్కోదానికి ఎంత డబ్బు అని రాసుకునే ప్రణాళిక) సవరించడానికి "బడ్జెట్ కాస్త అటూ ఇటూ సర్ది బోర్డుకి పెట్టు" అని డైరెక్టర్ నీకు చెప్పి ఊరుకున్నాడనీ రాశావు. ఆ "అటూ ఇటూ" దగ్గరే ఉంది తిరకాసంతా. ఎక్సెల్‌లో ఒక గడిలో తగ్గించి ఇంకో గడిలో పెంచితే కింద టోటల్ సరిపోతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. కానీ మన బడ్జెట్లో పెద్ద వాటా జీతాలదే కాబట్టి నువ్వు జరిపేది నిజానికి మనుషుల గంటల్ని. ముందు వాటి లెక్క తీయి, డాలర్ల సంగతి తర్వాత చూద్దువుగాని.

మనిషికి ఏడాదికి 2,080 గంటలు. ఫెడరల్ సెలవులు 11 ఇస్తే 88 గంటలు పోయాయి. మూడు వారాల వెకేషన్‌కి 120, పది రోజుల సిక్ లీవ్‌కి 80 తీసేస్తే 1,792 మిగిలాయి. ట్రైనింగులు, స్టాఫ్ మీటింగులు, కొత్త సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ, ఇవన్నీ పోగా టాస్కుల మీద రాయగలిగేవి 1,600 దాటితే గొప్పే. మీ పాత టేబుల్లో ఒక్కొక్కరికీ రెండు వేల గంటలు పంచేసి ఉంటే ఆ బడ్జెట్ మొదటి రోజే తప్పిందన్నమాట, ఇప్పుడు ఎవరో మానేయడం వల్ల కాదు. గత రెండు క్వార్టర్ల టైమ్‌షీట్లు తీసి, ఏ టాస్కుకి ఎన్ని గంటలు అనుకున్నారు, నిజంగా ఎన్ని పట్టాయి, పక్కపక్కన పెట్టి చూడు. టీఐపీ (నిధులు కేటాయించిన రవాణా ప్రాజెక్టుల జాబితా) సవరణలు అనుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే తింటాయి. పబ్లిక్ మీటింగులూ అంతే.

ఇక మోడలర్ జీతం మిగిలింది కదా, కన్సల్టెంట్‌కి ఇచ్చేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. ఇవ్వొచ్చు, నేను కాదనను. కానీ ఆర్ఎఫ్‌పీ (ప్రపోజల్స్ పంపమని అడిగే ప్రకటన) రాయాలి, వచ్చిన ప్రపోజల్స్ చదవాలి, కాంట్రాక్టు కుదరాలి, ఆ తర్వాత వాళ్లు పంపిన మోడల్ రన్ సరిగ్గా ఉందో లేదో చూడగలిగే మనిషి మీ దగ్గర ఉండాలి, ఆ మనిషే కదా వెళ్లిపోయింది. కన్సల్టెంట్ డబ్బు ఎంత పెడితే దాని వెనక మీ స్టాఫ్ గంటలు కూడా కొన్ని పెట్టి తీరాలి. వాటికి విడిగా లైన్ లేకపోతే తర్వాత ఆ భారం నీ మీదే పడుతుంది. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: మీ ఇండైరెక్ట్ రేటు (ఆఫీసు ఉమ్మడి ఖర్చుల్ని టాస్కులకి పంచే శాతం) డైరెక్ట్ జీతాల మీద లెక్క కట్టేదైతే, ఒక మనిషి తగ్గినంత మాత్రాన ఆఫీసు అద్దె తగ్గదు, ఆడిటర్ ఫీజు తగ్గదు. అదే ఖర్చుని తక్కువ జీతాల మీద పంచాలి. రేటు పైకి పోతుంది, మిగతా టాస్కులన్నీ కాస్త ఖరీదవుతాయి. ఖాళీ పోస్టు వల్ల మిగిలిందనుకున్న డబ్బు మొత్తం మిగిలినట్టు కాదు, ఫైనాన్స్ వాళ్లతో కూర్చుని ఆ లెక్క వేయించు.

మ్యాచ్ (ఫెడరల్ డబ్బుకి తోడుగా మనవైపు నుంచి పెట్టే వాటా) దగ్గర చిన్న మాట. పీఎల్ నిధులకి (ఎంపీవోల ప్లానింగ్‌కి వచ్చే ఫెడరల్ డబ్బు) మామూలుగా 80-20 వాటా. 80,000 డాలర్ల ఫెడరల్ డబ్బు ఉంటే అందులో 20 శాతం అని 16,000 వేసేస్తారు. తప్పు. మొత్తం ఖర్చులో 20 శాతం కావాలి, అంటే 20,000. పైగా మీ మ్యాచ్‌లో సిటీ ఇంజనీర్ల సమయం ఇన్-కైండ్‌గా (నగదు బదులు వాళ్ల పని విలువని) చూపిస్తుంటే, వాళ్లు పని చేసే టాస్కులోంచి డబ్బు లాగేస్తే ఆ మ్యాచ్ కూడా దాంతోపాటే పోతుంది. జాగ్రత్త.

ఏది కోయాలి అనడిగావు. లాంగ్ రేంజ్ ప్లాన్ జోలికి వెళ్లకు. గాలి నాణ్యత సమస్య ఉన్న ప్రాంతమైతే నాలుగేళ్లకి, లేకపోతే ఐదేళ్లకి అది అప్‌డేట్ అవ్వాల్సిందే, గడువు దాటితే మీ ప్రాంతం రోడ్డు ప్రాజెక్టులే ఇరుక్కుంటాయి. టీఐపీ కూడా అంతే. 2021 చట్టం ప్రకారం సురక్షిత రవాణా మార్గాల ప్లానింగ్‌కి పక్కన పెట్టాల్సిన 2.5 శాతం పీఎల్ డబ్బునీ కదపకు. నేనైతే ఇంకా డేటా సేకరణ కూడా మొదలుకాని కారిడార్ స్టడీని (ఒక రోడ్డు మార్గం మీద చేసే అధ్యయనం) వచ్చే ఏడాదికి తోస్తాను. దాన్ని అడిగింది ఏదో ఊరి మేయర్ అయ్యుంటాడు, ఆయనే బోర్డులోనూ ఉంటాడు. ఆయనకి ఆ కబురు అజెండా ప్యాకెట్లో తెలియకూడదు, ముందే మీ డైరెక్టర్ చేత ఫోన్ చేయించు. టేబుళ్లు తప్పుంటే సరిదిద్దుకోవచ్చు గానీ, నలుగురిలో ఉలిక్కిపడిన మేయర్‌ని దారికి తెచ్చుకోవడం మహా కష్టం.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టుకో. టెక్నికల్ కమిటీ, పాలసీ బోర్డు, స్టేట్ డీఓటీ (రాష్ట్ర రవాణా శాఖ), ఆ పైన ఎఫ్‌హెచ్‌డబ్ల్యూఏ, ఎఫ్‌టీఏ (ఫెడరల్ హైవే, ట్రాన్సిట్ సంస్థలు). కొత్త టాస్కుకి ఆమోదం రాకముందే పని మొదలుపెడితే ఆ ఖర్చు మీ జేబులోంచే పోవచ్చు. చిన్న మార్పులు అడ్మినిస్ట్రేటివ్‌గా కానిచ్చేయొచ్చు. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది స్టేట్‌తో మీకున్న అగ్రిమెంట్‌లో ఉంటుంది, అది తెరిచి చదువు. అయితే టాస్కు స్వరూపమే మారుతుంటే ఒక్క డాలరు కదలకపోయినా ముందస్తు ఆమోదం కావాలి. గ్రాంట్ కాగితాల్లో కీలక వ్యక్తి అని ఎవరినైనా పేర్కొని ఉంటే, ఆ మనిషి మారినా అంతే. ఆమోదం పొందిన ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆ పనికి మూడు నెలలకి మించి దూరమైనా, ఆయన సమయం 25 శాతం తగ్గినా అంతే. మీ మోడలర్ ఆ కోవలోకి వస్తుందేమో చూసుకో.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. ఏడాది చివర్లో ఏదో టాస్కులో డబ్బు మిగిలి ఉంటుంది, "ఈ రెండు వారాలూ దానికే రాసుకోండి" అని పైనుంచి మాట వస్తుంది. ఒప్పుకోకు. నిజంగా చేసిన పనినే టైమ్‌షీటు చూపించాలని, బడ్జెట్ అంచనా ఒక్కటే రుజువుగా పనికిరాదని ఫెడరల్ గ్రాంట్ల నిబంధన 2 సీఎఫ్‌ఆర్ 200.430 లో స్పష్టంగా ఉంది. ఆ టాస్కు మీద వంద గంటలు రాసి ప్రోగ్రెస్ రిపోర్టులో "పని కొనసాగుతోంది" అని ఒక్క ముక్క ఉంటే ఆడిటర్ సరిగ్గా అక్కడే వేలు పెడతాడు. నీకు మాట వచ్చినప్పుడు ఎదురు వాదించక్కర్లేదు, "ఈ గంటలకి ఏ పని చూపించమంటారో ఈమెయిల్‌లో పెట్టండి సార్" అను చాలు. చాలాసార్లు ఆ ఈమెయిల్ రాదు.

బోర్డు మెమోలో ప్రతి మార్పుకీ ఒక కారణం, ఒక ఫలితం రాయి: ఎందుకు తగ్గించాం, దానివల్ల ఏది ఆలస్యమవుతుంది. "స్టాఫింగ్ అవసరాల దృష్ట్యా" లాంటి మాటలు వద్దు, బోర్డులో అకౌంటెంట్ ఒకాయన ఎప్పుడూ ఉంటాడు, పట్టుకుంటాడు. కమిటీకి వెళ్లకముందే డ్రాఫ్టు స్టేట్ డీఓటీలో మీ ప్లానర్‌కి పంపించు, ఆవిడ ప్రశ్నలు ముందే వస్తే నీకే టెన్షన్ తగ్గుతుంది.

గంటల షీటు తయారవగానే నాకు పంపు, డాలర్ల టేబుల్ అప్పుడే వద్దు. అన్నట్టు, ఆ అమ్మాయికి వాడుకోని లీవ్ డబ్బు చెల్లించి ఉంటారు కదా, అది ఏ ఖాతాలో పడిందో కనుక్కున్నావా?